పొలుసుల కింద జరిగేదేమిటి?
చెరువు చేపల బాక్టీరియా వ్యాధులపై ఒక పరిశీలన

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ చేపల చెరువుల గట్లపై వేకువజామున నడిచిన వారికి ఒక దృశ్యం పరిచితమే. నీటిపై వేలకొద్దీ చిన్న నోళ్ళు తెరచుకొంటూ, మూసుకొంటూ ఉంటాయి. దూరం నుండి చూసేవారికి సన్నని వాన పడుతున్నట్లు తోస్తుంది. చెరువు గలవానికి మాత్రం అది గుండె జారిపోయే దృశ్యం. నీటిలో ప్రాణవాయువు తగ్గిపోయి చేపలు గాలి కోసం పైకి వచ్చాయని దాని అర్థం.

మా సహోద్యోగి ఒకరి తమ్ముడు కైకలూరు సమీపంలో ఒక చెరువును కౌలుకు తీసుకొని శీలావతి, బొచ్చె చేపలను పెంచుతున్నాడు. కార్తిక మాసం చివర వరుసగా నాలుగు రోజులు ముసురు పట్టింది. ఎండ లేకపోతే నీటిలోని పచ్చని నాచుకణాలు ప్రాణవాయువును తయారు చేయలేవు. రాత్రివేళ అవి కూడా దానిని పీల్చుకొంటాయి. నాలుగు తెల్లవారుజాములు చేపలు నోళ్ళు తెరిచాయి. తరువాత ముసురు విడిచి ఎండ కాసింది. ఒక్క చేప కూడా చావలేదు. గండం గడిచిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకొన్నారు.

తొమ్మిదవ రోజున చచ్చిన చేపలు గట్టుకు చేరడం మొదలైంది. పొట్ట కింద, రెక్కల మొదళ్ళలో ఎర్రని మచ్చలు. కొన్నింటికి పొట్ట ఉబ్బి, పొలుసులు నిక్కబొడుచుకొని, కళ్ళు ముందుకు పొడుచుకొని వచ్చాయి. మేము సహోద్యోగితో కలిసి అక్కడికి చేరేసరికి యాంటిబయాటిక్ పొడి సంచులు గట్టు మీద దించి ఉన్నాయి. అరువు మీద తెచ్చినవి. కౌలు డబ్బు, మేత బాకీ, బ్యాంకు వాయిదా అన్నీ ఆ నీటిలోనే ఉన్నాయి. "అన్నగారూ, మచ్చలు కనబడుతూనే ఉన్నాయి గదా, ఇంకా ఆలోచించేదేముంది?" అన్నాడు ఆ అబ్బాయి. ఆ ప్రశ్నకు మా వద్ద సమాధానం లేదు. చచ్చిన చేపలలో నాలుగింటిని థర్మోకోల్ పెట్టెలో ఐసు వేసి, చేపల వ్యాధులను పరీక్షించే ప్రయోగశాలకు తీసుకువెళ్ళాము.

అక్కడి డాక్టరు గారు మూత తీసి చూసి, "వీటిని చూసి నేను చెప్పగలిగింది చాలా తక్కువండి" అన్నారు. "చావబోతున్న చేపను తీసుకురండి. చచ్చినది వద్దు."

మాకు మొదట ఇది అర్థం కాలేదు. చచ్చిన చేపనే గదా పరీక్షించవలసినది! కారణం తరువాత తెలిసింది. చేప ప్రాణం పోయిన కొద్దిసేపటిలోనే దాని కణాలలోని ఎంజైములు ఆ కణాలనే జీర్ణం చేసుకోవడం ప్రారంభిస్తాయి. మన ప్రాంతపు వేడిలో ఈ పని మరీ వేగం. పైగా చెరువు నీటిలోని నానా రకాల సూక్ష్మజీవులు కళేబరంలోకి చొరబడతాయి. అప్పుడు కనిపించే విధ్వంసంలో వ్యాధి చేసినదెంత, చావు చేసినదెంత అన్నది విడదీయడం నిపుణులకు కూడా సాధ్యం కాదు. ఐసు కుళ్ళును ఆలస్యం చేస్తుందే గాని, జరిగిన నష్టాన్ని వెనక్కు తీసుకురాలేదు. మాంసం గడ్డకట్టేటంత చల్లదనంలో ఉంచితే లోపలి మంచు స్ఫటికాలు కణాలను చీల్చివేస్తాయి. అది ఇంకా చెడ్డ పని.

మరుసటి ఉదయం, గట్టు వారగా మందకొడిగా తిరుగుతున్న చేపలను పట్టి, ప్రాణవాయువు నింపిన పాలిథిన్ సంచులలో బతికుండగానే తీసుకువెళ్ళాము. నిజమైన పరీక్ష అప్పుడు మొదలైంది.

కణజాలం చెప్పే సాక్ష్యం

చేపను కోసి మొప్ప, కాలేయం, మూత్రపిండం, ప్లీహం, పేగు, చర్మం నుండి చిన్న చిన్న ముక్కలు తీసి, వాటికి పదింతల ఫార్మలిన్ ద్రావణంలో వేశారు. ముక్క మందంగా ఉంటే ద్రావణం లోపలికి దిగేలోగా మధ్య భాగం చెడిపోతుంది. అందువల్ల అర సెంటీమీటరు మందం చాలునట. పిదప వాటిలోని నీటిని ఆల్కహాలుతో తీసివేసి, మైనంలో పొదిగి, మిల్లీమీటరులో రెండువందల వంతు మందాన పొరలుగా కోస్తారు. ఆ పొరకు రెండు రంగులు అద్దుతారు. కణ కేంద్రకాలు నీలిరంగులో, మిగిలిన భాగం గులాబీ రంగులో కనబడతాయి. ఈ పనికి కొన్ని రోజులు పడుతుంది. మరొక ప్రక్క మూత్రపిండం నుండి తీసిన బొట్టును పోషక మాధ్యమంపై పూసి బాక్టీరియాను పెంచుతారు.

పెరిగినది ఏరోమొనాస్ హైడ్రోఫిలా. ఈ జాతికి చెందిన సూక్ష్మజీవిని 1891లో ఇటలీ శాస్త్రజ్ఞుడు గిసెప్పె సానరెల్లి ఒక కప్ప రక్తం నుండి వేరుచేశాడు. హైడ్రోఫిలా అనగా నీటిని ప్రేమించేది. పేరుకు తగినట్లే అది మంచినీటి చెరువులు, కాలువలు, బురద అన్నింటిలోను ఉంటుంది. ఆరోగ్యవంతమైన చేప పేగులోను కాపురముంటుంది. కనుక "ఈ బాక్టీరియా చెరువులోకి ఎక్కడి నుండి వచ్చింది?" అని అడగడంలో అర్థం లేదు. అది ఎప్పుడూ అక్కడే ఉంది. ఇన్నాళ్ళు ఊరకున్నది ఇప్పుడెందుకు పైబడింది అన్నది అడగవలసిన ప్రశ్న. దానికి సమాధానం మొప్పలో దొరికింది.

మొప్పలోని ప్రతి తంతువుకు ఇరువైపులా దువ్వెన పళ్ళవలె పలుచని పటలికలు ఉంటాయి. నీటికి, రక్తానికి నడుమ ఉండే తెర కొన్ని మైక్రానుల మందం మాత్రమే. నీటిలో అమ్మోనియా హెచ్చినా, మురికి పెరిగినా ఆ తెర తనను తాను కాపాడుకోవడానికి మందమవుతుంది. కణాలు విభజన చెంది పటలికల నడుమ సందులు పూడుకుపోతాయి. పటలికలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. మేము చూసిన పలకలో దువ్వెన పళ్ళు లేవు. మొద్దుబారిన కర్రవంటి ఆకారం కనబడింది. డాక్టరు గారు దానిని చూపిస్తూ, ఇది ఒకటి రెండు రోజులలో వచ్చేది కాదన్నారు. అంటే ముసురు పట్టకముందే నీరు చెడిపోవడం మొదలైందన్నమాట. ప్రాణవాయువు తగ్గిన ఆ నాలుగు వేకువలలో, మామూలు మొప్ప గల చేప కంటే ఈ చేపకు అందిన గాలి ఇంకా తక్కువ.

అమ్మోనియా విషయంలో ఒక విశేషం చెప్పుకోవాలి. నీటిలోని అమ్మోనియా అంతా విషం కాదు. సుమారు 28 డిగ్రీల వేడిలో, నీటి పి.హెచ్. 7 వద్ద ఉన్నప్పుడు విషరూపం నూటికి ఒక్క పాలు కూడా ఉండదు. అదే పి.హెచ్. 9కి చేరితే నూటికి నలభై పాళ్ళవుతుంది. నాచు దట్టంగా ఉన్న చెరువులో మధ్యాహ్నం ఎండకు పి.హెచ్. పెరుగుతుంది. రోగం కనబడగానే సున్నం చల్లే అలవాటు మన వైపు విస్తారంగా ఉంది. పి.హెచ్. తక్కువగా ఉన్న నీటికి అది మేలే. ఎక్కువగా ఉన్న నీటిలో అదే సున్నం చేపకు ఉరి బిగిస్తుంది.

ఇక మూత్రపిండం. ఈ అవయవం గురించి కొంత వివరంగా చెప్పక తప్పదు. మనకు రక్తకణాలు ఎముక మజ్జలో తయారవుతాయి. చేప ఎముకలలో ఆ పని చేసే మజ్జ లేదు. వెన్నెముకను అంటిపెట్టుకొని ముదురు ఎరుపు రంగులో పొడవుగా ఉండే మూత్రపిండమే, ముఖ్యంగా తల వైపు నున్న భాగం, రక్తకణాలను పుట్టిస్తుంది. రోగక్రిములతో పోరాడే తెల్లకణాలు అక్కడే పుడతాయి. ఆపద సమయంలో వెలువడే కార్టిసాల్ అనే హార్మోను తయారయ్యేదీ అక్కడే. ఈ హార్మోను కొద్దిసేపు వెలువడితే చేపకు ఉపకారం. రోజుల తరబడి వెలువడితే అది రోగనిరోధక శక్తినే అణచివేస్తుంది. ముసురు పట్టిన నాలుగు రోజులు జరిగినది ఇదే. చేప ఊపిరి కోసం పెనుగులాడుతూ తన రక్షణను తానే తగ్గించుకొంది. ఎండ కాసిన రోజున ఇంటివారు ఊపిరి పీల్చుకొన్నారు గాని, పేగులోను, మొప్పలోను పొంచి ఉన్న బాక్టీరియా అప్పటికే రక్తంలో ప్రవేశించి ఉండాలి.

రక్తంలో చేరిన ఏరోమొనాస్ అనేక విషాలను విడుదల చేస్తుంది. వాటిలో ఏరోలైసిన్ అన్నది శాస్త్రజ్ఞులు బాగా పరిశీలించినది. ఈ ప్రోటీను అణువులు ఏడు కలిసి కణం పైపొరపై ఉంగరంవలె కూడి, పొరకు రంధ్రం చేస్తాయి. కణంలోని లవణాలు బయటికి, బయటి నీరు లోపలికి పోయి కణం చస్తుంది. ఎర్రరక్తకణాలు ఇట్లే పగులుతాయి. రక్తనాళాల లోపలి పూత ఇట్లే చిట్లుతుంది. చిట్లిన చోట రక్తం చర్మం కిందికి ఊరుతుంది. పొట్ట కింద మనం చూసే ఎర్రమచ్చ అదే. చర్మంపై పుట్టిన వ్యాధిగా దానిని భావించడం పొరపాటు. లోపలి నాళాలు పగిలిన తరువాత బయటికి కనబడిన ఆనవాలు మాత్రమే అది.

మా చేప మూత్రపిండంలో రక్తం పుట్టించే కణజాలం అక్కడక్కడ కరిగిపోయి, కేంద్రకాలు ముక్కలై, ఆకారం లేని గులాబీ మరకలు మిగిలాయి. మూత్రనాళికల గోడల కణాలు ఊడిపోయాయి. ఇది తాజా గాయం. మొప్పలో ఉన్నది పాత మార్పు. ఏది ముందు, ఏది వెనుక అన్నది ఆ రెండు పలకలను ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే మావంటి సామాన్యులకు కూడా బోధపడింది.

ఉబ్బిన పొట్ట సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. మంచినీటి చేప రక్తంలో లవణాలు చుట్టూ ఉన్న నీటిలో కంటే ఎక్కువ. అందువల్ల ద్రవాభిసరణ నియమం ప్రకారం మొప్పల గుండా నీరు అనుక్షణం దేహంలోకి చొరబడుతూనే ఉంటుంది. మూత్రపిండం దానిని పలుచని మూత్రంగా నిరంతరం తోడిపోస్తుంది. ఓటిపడవలో నీరు తోడే మనిషి వంటిది ఆ అవయవం. అది పనిచేయడం మానివేస్తే నీరు నిలుస్తుంది. అదే సమయంలో కాలేయం దెబ్బతిని రక్తంలో నీటిని పట్టి ఉంచే ప్రోటీన్లు తగ్గుతాయి. నాళాల గోడలు కారుతాయి. ఆ నీరంతా పొట్టలోను, పొలుసుల సంచులలోను, కనుగుడ్ల వెనుక చేరుతుంది. రైతులు జలోదరమని పిలిచే ఈ స్థితికి చేరిన చేపను ఏ మందూ వెనక్కు తీసుకురాలేదు.

కాలేయంలో కణాలు రిక్తికలతో నిండి, కొన్ని చోట్ల చచ్చి ఉన్నాయి. అయితే దీనిని బట్టి తొందరపడి తీర్పు చెప్పరాదని డాక్టరు గారు హెచ్చరించారు. తవుడు, చెక్క విరివిగా తినే పెంపుడు చేప కాలేయంలో ఏ రోగం లేకపోయినా కొవ్వు బుడగలు ఉంటాయట. ప్లీహంలో గోధుమవన్నె ముద్దలు దట్టంగా కనబడ్డాయి. పగిలిపోయిన ఎర్రకణాల ఇనుమును భక్షక కణాలు పోగుచేసుకొన్న చోట్లు అవి. మొప్పలు పాలిపోయి ఉండడానికి కారణం ఇక్కడ తెలిసింది.

మచ్చను చూసి మోసపోయిన సందర్భం

బయటి పుండును చూసి పేరు పెట్టడం ఎంత ప్రమాదమో చెప్పడానికి మన దేశంలోనే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 1988లో బంగ్లాదేశ్ వైపు నుండి ఈశాన్య రాష్ట్రాలలోకి ఒక పుండ్ల వ్యాధి ప్రవేశించి, కొద్ది సంవత్సరాలలో దేశమంతటా వ్యాపించింది. కొర్రమేను, పరిగెల ఒంటిపై లోతైన ఎర్రని పుండ్లు పడి, తల భాగం కూడా తినివేయబడిన చేపలను ఆ రోజులలో చూసిన పెద్దలు మన పాఠకులలో ఉండే ఉంటారు. జనం చేప తినడానికే జంకారు. పుండు నుండి పరీక్షకు తీస్తే ఏరోమొనాస్ పెరిగేది. కనుక అదే కారణమని చాలామంది భావించారు. కాని కండరపు పొరలను వెండి లవణంతో రంగు అద్ది చూసినప్పుడు నల్లని దారాలవంటి తంతువులు, వాటి చుట్టూ దడికట్టిన రక్షక కణాల గుంపులు బయటపడ్డాయి. అసలు దోషి అఫనోమైసిస్ ఇన్వాడాన్స్ అనే బూజువంటి జీవి. బాక్టీరియా ఆ పుండులో తరువాత వచ్చి చేరిన అతిథి. భువనేశ్వర్ సమీపంలోని కౌసల్యాగంగలో ఉన్న కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ ఆ రోజులలో రూపొందించిన సిఫాక్స్ మందు రైతులకు ఎంతో ఆదుకొన్నది.

మొప్పకుళ్ళు కథ ఇందుకు భిన్నం. 1922లో అమెరికాలో హెర్బర్ట్ స్పెన్సర్ డేవిస్ మిసిసిపీ నది చేపల పుండ్లను సూక్ష్మదర్శిని కింద చూస్తూ, సన్నని బాక్టీరియాలు గుంపుకట్టి స్తంభాల ఆకారంలో నిలబడడాన్ని గమనించాడు. కాలమ్నారిస్ అన్న పేరు అందువల్ల వచ్చింది. ఆయన దానిని ప్రయోగశాలలో పెంచలేకపోయాడు. 1944 వరకు అది ఎవరికీ సాధ్యపడలేదు. ఈ సూక్ష్మజీవిని 2022లో నాలుగు జాతులుగా విభజించినప్పుడు ఒకదానికి డేవిస్ పేరు పెట్టారు. ఇది రక్తం దాకా పోకుండానే మొప్పను తినివేసి చేపను చంపగలదు. మన వైపు విరివిగా పెంచుతున్న పంగాసియస్ చేపకు ఎడ్వర్డ్సియెల్లా జాతుల బెడద ఎక్కువ. వియత్నాంలోని మెకాంగ్ డెల్టాలో అది కాలేయం, మూత్రపిండం, ప్లీహాలపై తెల్లని చుక్కలు వేస్తుంది. బయటికి చేప నిగనిగలాడుతూనే ఉంటుంది.

సంచులు విప్పాలా, వద్దా?

మా కథకు వద్దాము. ఫలితం వచ్చేవరకు గట్టు మీది సంచులను విప్పవద్దని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. ఆమె చెప్పిన కారణం చాల సూటి అయినది. మందును మేతలో కలిపి ఇవ్వాలి. జబ్బుపడిన చేప మొట్టమొదట మానివేసేది మేతనే. కనుక మందు తినేవి ఇంకా బాగున్న చేపలు. నీటిలో చల్లిన మందు అంత నీటిలో పలచబడి చేప రక్తంలో చాలినంత చేరదు. చెరువులోని కోట్లాది బాక్టీరియాకు మాత్రం దానిని తట్టుకొనే విద్య నేర్పుతుంది. మూత్రపిండం కరిగిపోయిన చేపకు మందు ఇచ్చినా కొత్త మూత్రపిండం రాదు. ఏ మందుకు లొంగుతుందో పరీక్షించి, తొలి దశలో, తగిన మోతాదులో నిపుణుల సలహాపై వాడినప్పుడే దానికి ప్రయోజనం.

తినేవారి వైపు నుండి కూడా దీనిని చూడాలి. చేపలో ఆక్సిటెట్రాసైక్లిన్ శేషం కిలోకు 0.1 మిల్లీగ్రాము మించరాదని మన ఆహార భద్రతా ప్రమాణాలు విధించాయి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ల వాడకం పూర్తిగా నిషిద్ధం. మనుషుల ప్రాణాపాయ స్థితిలో చివరి ఆసరాగా ఉంచుకొన్న కొలిస్టిన్‌ను ఆహారానికి పెంచే జీవులకు వాడరాదని కేంద్ర ప్రభుత్వం 2019లో నిషేధించింది.

ఆ అబ్బాయి సంచులు విప్పలేదు. ఆ నిర్ణయం మాకు ఎంత సులభంగా తోచినా అతనికి అట్లు తోచలేదు. రోజూ ఉదయం చచ్చిన చేపలను బుట్టలలో ఏరుతూ, గట్టు మీది మందును ముట్టకుండా ఉండడం సామాన్యమైన విషయం కాదు. మేత ఆపివేశాడు. అద్దెకు ఏరేటర్లు తెచ్చి రాత్రంతా తిప్పాడు. అడుగు నీటిని కొంత తోడి, కొత్త నీరు పెట్టాడు. పొలుసుల మీద చేప పేను కనబడితే దానికి వేరుగా సలహా తీసుకొన్నాడు, ఎందుకంటే పేను కుట్టిన ప్రతి గాటు బాక్టీరియాకు తలుపే. చచ్చిన వాటిని కాలువలో వేయకుండా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చాడు. ఆ కాలువ నీరే క్రింది రైతు చెరువుకు పోతుంది మరి. చావులు తగ్గుముఖం పట్టడానికి రెండు వారాలు పట్టింది. పూర్తిగా ఆగిన తరువాత కొంత కాలానికి, చెరువులో రద్దీ తగ్గించడానికి కొంత సరకును ముందే పట్టి హౌరా లారీకి ఎక్కించాడు. ఆ పంటపై లాభం రాలేదు. కౌలు మాత్రం చెల్లింది.

చేపలు కొనే గృహిణులు మమ్ములను అడిగే ప్రశ్న ఒకటున్నది. ఇటువంటి చేపను తింటే మనకు రోగం వస్తుందా? బాగా ఉడికిన కూరలో ఏరోమొనాస్ బతకదు. కాని పచ్చి చేపను శుభ్రం చేసేటప్పుడు చేతిపై గాయం ఉంటే, ఆ గాయానికి ఈ బాక్టీరియా సోకవచ్చు. మధుమేహం గలవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూడండి. ఎర్రగా, జిగట లేకుండా ఉండాలి. పొట్టపై రక్తపు చారలు, నిక్కిన పొలుసులు ఉన్న చేపను ధర తగ్గించి ఇచ్చినా తీసుకోవద్దు. ఫార్మలిన్ ప్రయోగశాల సీసాలో ఉండవలసిన వస్తువు. 2018 జూలైలో చేపలలో దాని ఆనవాళ్ళున్నాయని అస్సాం ప్రభుత్వం మన రాష్ట్రపు చేపలను పది రోజులు నిషేధించినప్పుడు, ఏ పాపం ఎరుగని రైతులకు కూడా నష్టం తప్పలేదు.

సహోద్యోగి తమ్ముడు ఇప్పుడు ఒక చిన్న ఆక్సిజన్ మీటరు కొన్నాడు. గట్టు మీది పాకలో ఒక నోటుపుస్తకం వ్రేలాడుతూ ఉంటుంది. ప్రతి వేకువన నీటిలోని ప్రాణవాయువు ఎంతో అందులో వ్రాస్తాడు. లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గిన రోజులకు ఎర్రసిరాతో గీత. వారానికొకసారి రెండు చేపలను పట్టి మొప్పలు చూసి, ఆ రంగు కూడా వ్రాసిపెడతాడు. మేము చివరిసారి వెళ్ళినప్పుడు తెల్లవారుజామున నాలుగున్నరకు మీటరు 3.8 చూపింది. ఏరేటర్లు అప్పటికే తిరుగుతున్నాయి.